చెంగయ్య తెంపిన మొలతాడు

ఇరవై ఆరేళ్ల సర్వీసులో చెంగయ్య ఎన్ని వేల గజ్జలు గొరిగాడో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. కానీ ఒక్క మగవాడి మొలతాడు కూడా తెంపలేదు. ఈ సంగతి అడిగినవాళ్లకు ఒకసారి చెప్పేవాడు, అడగనివాళ్లకు రెండుసార్లు చెప్పేవాడు.

తిరుపతిలో ఒక సర్కారు ఆసుపత్రిలో ఆయనది బార్బరు ఉద్యోగం. ఆపరేషనుకు ముందు రోగి ఒంటి మీద వెంట్రుకలు తీసి, చర్మం కడిగి, థియేటరు వాళ్లకు అప్పగించాలి. తలకు దెబ్బయితే తల, కడుపు కోతయితే కడుపు. పేగు జారినవాళ్లు, అపెండిసైటిస్ వాళ్లు వస్తే గజ్జ దాకా గొరగాలి. సిగ్గుతో కాళ్లు ముడుచుకునేవాళ్లను చూసి, "ఏమప్పా, నీదేమన్నా లోకంలో లేని సరుకా? నేను సూడనిదా?" అనేవాడు. ఎంతటి మొండివాడైనా ఫక్కున నవ్వి కాళ్లు చాపేసేవాడు. ఆయన కత్తి కింద ఒక్కడికి కూడా గీత పడలేదని నర్సులు చెప్పుకునేవాళ్లు. ఆ మాట ఆయన చెవిన పడేలా చెప్పుకునేవాళ్లు, ఎందుకంటే ఆ మాట వింటే ఆ పూట అందరికీ టీ పోయించేవాడు.

ఆపరేషను బల్ల ఎక్కేవాడి ఒంటి మీద నూలుపోగు ఉండకూడదని డాక్టర్ల రూలు. మొలతాడు లేని మగవాడు ఉండకూడదని మా ఊళ్ల రూలు. మా తావున పాత తాడు చీకిపోతే ముందు కొత్తది కట్టి, ఆ తర్వాతే పాతది విప్పుతారు. తెంపడమనేది ఒక్కసారే, మనిషిని కాటికి తీసుకుపోయే ముందు. ఆ తెంపే పని కూడా క్షవరం చేసే ఇంటివాళ్లదే. అందుకని చెంగయ్య కత్తి పట్టుకుని వస్తుంటే పల్లెల నుంచి వచ్చిన తల్లులకు గుండె జారేది. చాలాచోట్ల వార్డుబాయిలు కత్తెర పెట్టి కటుక్కున తెంపి చెత్తబుట్టలో పడేస్తారు. వెనకాల ఆ తల్లో పెళ్లామో వెక్కి వెక్కి ఏడుస్తుంటే వాళ్లకేం పట్టింది!

చెంగయ్య పద్ధతి వేరు. ముందు శుభ్రమైన గాజుగుడ్డ పేలిక ఒకటి రోగి రెట్టకు కట్టేవాడు. "ఇదిగో, కొత్తది కట్టేసినా. ఇంక పాతది ఇప్పొచ్చు" అని, మొలతాడు ముడిని గోళ్లతో ఓపిగ్గా విప్పేవాడు. నూనె పట్టి బిగిసిపోయిన ముడులకు పావుగంట పట్టేది. థియేటరు లోపలి నుంచి ఎవరు కేకలేసినా లెక్కచేసేవాడు కాదు. విప్పిన తాడును చుట్టచుట్టి ఆ తల్లి కొంగున తానే ముడేసి, "రెండు దినాలైనాక కట్టుకోండి. కుట్లకు తగలకుండా రొంత కిందికి కట్టుకోండి" అని చెప్పి పంపేవాడు. ఆ మాట ఇరవై ఏళ్లుగా ఒకే రాగంలో, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా వచ్చేది.

ఈ పట్టుదల వెనక ఒక కథ ఉంది. చెంగయ్యది చంద్రగిరి పక్కన చిన్న పల్లె. నాయన ఊరందరికీ క్షవరం చేసేవాడు. చెంగయ్యకు పద్దెనిమిదేళ్లప్పుడు నాయన జ్వరంతో మంచాన పడి ఉండగా ఊళ్లో ఒక పడుచువాడు పాము కరిచి పోయాడు. నిన్నటిదాకా చెంగయ్యతో కబడ్డీ ఆడినవాడు. మొలతాడు తెంపే పని చెంగయ్య మీద పడింది. తాడు తెగగానే ఆ తల్లి దాన్ని లాక్కుని కళ్లకద్దుకుంది, ఎంతమంది పట్టి లాగినా వదల్లేదు. ఇంటికొచ్చి, "నేనీ పని సెయ్యను నాయనా, యాడికన్నా పోతా" అన్నాడు. చిన్నాన్న తిరుమలలో కల్యాణకట్ట పనిలో ఉన్నాడు, అక్కడికి రమ్మన్నాడు. ఇంతలో మెడికల్ కాలేజీలో బార్బరు పోస్టు పడిందని తెలిసి చెంగయ్య దానికి దరఖాస్తు పెట్టాడు.

తీరా ఉద్యోగం వచ్చాక ఎక్కడ వేశారంటే, అనాటమీ హాల్లో! డాక్టరు చదివే పిల్లలు కోసి నేర్చుకునే శవాలకు వెంట్రుకలు తీసిపెట్టడం. చావుపని వద్దని పారిపోయినవాణ్ని తీసుకెళ్లి శవాల మధ్య నిలబెట్టారు. ఖర్మ కాకపోతే ఏమిటి! మొదటి నెల అన్నం సహించలేదు. రెండో నెల నుంచి అలవాటైంది. మూడో నెలలో చంద్రకాంతమ్మ మేడం ఆయన చేతిని గమనించింది.

చంద్రకాంతమ్మ అనాటమీ ప్రొఫెసరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆమె వస్తోందంటే హాల్లో ఈగలు కూడా బుద్ధిగా కూచునేవని పిల్లలు చెప్పుకునేవాళ్లు. ఆమె ఒకరోజు చెంగయ్య గొరుగుతుంటే చాలాసేపు నిలబడి చూసి, "చెంగయ్యా, ఈ చర్మం తమలపాకంత పల్చగా లేపగలవా?" అంది. లేపాడు. కింద పసుపుపచ్చ కొవ్వు పొర. ఆమె చిమటా తీసుకుని ఆ కొవ్వును మెల్లగా పక్కకు తోసింది. చీపురుపుల్ల కంటే సన్నగా ఒక రక్తనాళం కనపడింది.

"చూశావా? తొడలోకి దిగే పెద్ద ధమనికి పుట్టిన పిల్ల ఇది. గజ్జ మడత దాటగానే, రెండు వేళ్ల కింద, ఆ పెద్దదానికి ఇలాంటి పిల్లలు మూడు పుడతాయి. ఒకటి బొడ్డు వైపు పైకి ఎక్కుతుంది. ఒకటి తుంటి ఎముక వైపు పక్కకు పోతుంది. ఒకటి లోపలికి, మర్మస్థానం వైపు తిరుగుతుంది. ఈ మా గొప్ప డాక్టర్లు చర్మం ఒలిచే మొదటి రోజే ఈ మూడింటినీ పరపరా కోసేస్తారు. పెద్ద ధమని కనపడిందని కేకలు పెడతారు. పిల్లనాళాలు ఏవిరా అంటే పైకప్పు చూస్తారు."

ఆ రోజు నుంచి గజ్జ చర్మం లేపే పని చెంగయ్య చేతికి వచ్చింది. ఇంగ్లీషు పేర్లకు నోరు తిరక్క తనే పేర్లు పెట్టుకున్నాడు. పైకిపొయ్యేది, పక్కకుపొయ్యేది, లోపలికిపొయ్యేది. ఇంకా లోతు పొరలో దాక్కుని లోపలివైపుకే పోయేది నాలుగోది ఒకటుందని మేడం చూపించినప్పుడు దానికి 'దొంగది' అని పేరు పెట్టాడు. చంద్రకాంతమ్మ నవ్వి, పరీక్షల్లో పిల్లలను ఆ పేర్లతోనే అడిగేది. "దొంగది ఎక్కడుందో చూపించు నాయనా" అంటే పిల్లలకు చెమటలు పట్టేవి. చెంగయ్య గోడ దగ్గర నిలబడి మీసం కింద నవ్వుకునేవాడు.

ఐదేళ్లయ్యాక ఆసుపత్రి థియేటరుకు మార్చారు. అక్కడ బతికున్న గజ్జలు. వేలు పెడితే పెద్ద ధమని టకటకమని కొట్టుకునేది. మొదటిసారి అది వేలికి తగిలినప్పుడు చెంగయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇక 1998 ఫిబ్రవరి. బెల్లం వండే కాలం. పెనుమూరు పక్క పల్లె నుంచి మునికుమార్ అనే పాతికేళ్ల వాణ్ని జీపులో తెచ్చారు. చెరుకు గానుగలో గడలు దోపుతూ, ఇరుక్కున్న పిప్పిని లాగబోయి కుడిచెయ్యి పెట్టాడు. పక్కనున్నవాడు మోటారు ఆపబట్టి ఎముకలు మిగిలాయి. మణికట్టు నుంచి వేళ్ల మొదళ్ల దాకా వెనకవైపు చర్మం మొత్తం ఒలిచినట్టు ఊడిపోయింది. తండ్రి తిరుమలయ్య కయ్యలు కౌలుకు చేస్తూ అక్కడే బెల్లం వండుతాడు. వండే పెనం వదిలి రాలేక తల్లి దేవకమ్మను పంపాడు.

ప్లాస్టిక్ సర్జరీ డాక్టరు యోగానంద కట్టు విప్పి చూసి, తల్లిని పిలిచి చెప్పాడు. "వేళ్లను కదిలించే తాళ్లు బయటపడ్డాయమ్మా. వాటి మీద ఉత్త తోలు అతికిస్తే బతకదు. రక్తం పారే చర్మం కావాలి. గజ్జ పక్కన చర్మాన్ని నాళంతో సహా లేపి, ఒక కొస ఒంటికే ఉంచి, రెండో కొస చేతికి కుడతాం. మూడు వారాలు చెయ్యి గజ్జకే అంటుకుని ఉంటుంది. ఆలోగా చేతి రక్తం ఆ చర్మంలోకి పాకుతుంది. అప్పుడు విడదీస్తాం. ఈ మూడు వారాలు ఆ చర్మం చచ్చిపోతే మాత్రం వేళ్లు తీసేయాల్సి వస్తుంది."

దేవకమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "సెయ్యి తీసకపొయ్యి ఆడ కుడతారా సామీ? ఊర్లోవాళ్లు నగరా, ఎగతాళి సెయ్యరా?"

గొరగడానికి వచ్చిన చెంగయ్య వెనక నుంచి అందుకున్నాడు. "నగేవాళ్లను నా కాడికి పంపించు మా, గుండు కొట్టి పంపిస్తా. ఇట్ట సూడు. మీ సెరుకుతోటకు పెద్ద కాలవ ఉంటాది గదా. దానికి గండి కొట్టి పిల్లకాలవ తీస్తే మూలనుండే మడి పారతాది. నీ కొడుకు గజ్జలో అట్టాంటి పిల్లకాలవ ఒకటుండాది. పక్కకుపొయ్యేది. సీపురుపుల్ల కన్నా సన్నం. ఆ ఒక్కదాని మీద ఆ తోలంతా బతుకుతాది. సారు దాన్ని తెగనియ్యడు. నువ్వు గుండె నిబ్బరం సేసుకో."

యోగానంద నవ్వి, "ఇంక నేను చెప్పేదేముంది" అని వెళ్లిపోయాడు.

చెంగయ్య పద్ధతి ప్రకారం రెట్టకు గాజుగుడ్డ కట్టాడు. మునికుమార్ మొలతాడు నల్లది, దానికి రాగి తాయెత్తు. చిన్నప్పుడు మూర్ఛలు వస్తే తల్లి కాళహస్తిలో కట్టించిందట. ముడి విప్పి దేవకమ్మ కొంగున కట్టి, గొరిగి, తుడిచి, లేస్తూ లేస్తూ ఎప్పుడూ అనే మాట అనేశాడు. "రెండు దినాలైనాక కట్టుకోండి. కుట్లకు తగలకుండా రొంత కిందికి కట్టుకోండి." నోరు దాని పాటికి అది అనేసింది. బుర్ర ఎక్కడుందో!

ఆపరేషను బ్రహ్మాండంగా జరిగింది. మునికుమార్ చెయ్యి గజ్జకు కుట్టి, కదలకుండా మోచేతిని నడుముకు వెడల్పాటి పట్టీతో కట్టేశారు. గజ్జ నుంచి చేతికి గొట్టంలా చుట్టిన చర్మపు వంతెన. కట్టులో చిన్న కిటికీ వదిలి, గంటగంటకూ చర్మం రంగు చూడమన్నారు. వార్డు సిస్టరు కోమలి ఆ పని మీదే ఉంది. వేలితో నొక్కితే తెల్లబడి, వదిలితే మళ్లీ ఎర్రబడాలి. మొదటి రోజు బాగుంది, రెండో రోజు ఇంకా బాగుంది. చెంగయ్య పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి చూసి, తన పొలం తడిసినంత సంబరంగా పోయేవాడు.

మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి చర్మం చక్కగా ఉంది. తొమ్మిదింటికి కోమలి చూసేసరికి నేరేడుపండు రంగు తిరిగింది. ఆమె పరుగెత్తి హౌస్ సర్జన్ పల్లవిని పిలుచుకొచ్చింది. పల్లవి పట్టీలన్నీ ఒక్కొక్కటే తడిమి చూసింది. యోగానంద ఏదో కొట్లాట కేసులో సాక్ష్యం చెప్పడానికి చిత్తూరు కోర్టుకు పోయి ఉన్నాడు. అక్కడికి ఫోను చేసి, బంట్రోతుతో కబురు పెట్టించి, పది నిమిషాలకు ఆయన్ని లైన్లోకి తెచ్చారు. "నాళంలో రక్తం గడ్డకట్టినట్టుంది. రెండు గంటల్లో వస్తాను. థియేటరు సిద్ధం చేయండి, విప్పి చూద్దాం. రెండో తొడ కూడా గొరిగించి పెట్టండి, అక్కడి చర్మం అవసరం పడొచ్చు" అన్నాడు. ఆయన గొంతులో ధైర్యం లేదని పల్లవికి తెలిసిపోయింది.

రెండో తొడ గొరగమని కబురు రాగానే చెంగయ్యకు సంగతి అర్థమైంది. పెట్టె తీసుకుని గబగబా వచ్చాడు. మునికుమార్ పైకప్పు చూస్తూ పళ్లు బిగించి పడుకుని ఉన్నాడు. దేవకమ్మ మంచం కాళ్ల దగ్గర కూచుని దణ్ణాలు పెడుతోంది. చెంగయ్య కిటికీలోంచి చర్మం చూశాడు, వేలితో నొక్కి చూశాడు. తెల్లబడి, వదలగానే టక్కున నల్లగా నిండుతోంది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"పల్లవమ్మా, గడ్డకడితే తెల్లగా పాలిపోవాల గదా? ఇది నీలంగా ఉబ్బుతా ఉండాది. లోపలికి నీళ్లు వస్తానే ఉండాయి, బయటికి పోలేక నిలబడిపోతా ఉండాయి. యాడో ఎవురో కాలవ తొక్కి పట్టినారు."

"పట్టీలన్నీ చూశాను చెంగయ్యా. ఏదీ బిగుసుకోలేదు" అంది పల్లవి ఏడుపు గొంతుతో.

చెంగయ్య తల తిప్పి దేవకమ్మను చూశాడు. ఆమె కొంగు వదులుగా ఒళ్లో పడి ఉంది. తను స్వయంగా వేసిన ముడి లేదు. ముడి ఉన్నచోట గుడ్డ మాత్రం ముడతలు పడి ఉంది.

"మా, మొలతాడు యాడుండాది?"

"నువ్వే గదప్పా సెప్పినావు, రెండు దినాలైనాక కట్టుకోమని" అంది దేవకమ్మ. "పొద్దున ఒళ్లు తుడిసి కట్టినా. తుంటి కాడ కుట్లుండాయి గదా, నువ్వు సెప్పినట్టే కుట్లకు తగలకుండా రొంత కిందికి కట్టినా. తాయెత్తు సెయ్యికి దగ్గరగా ఉంటే మంచిదని ముందుకు తిప్పినా, ముడి వెనక్కు పొయ్యింది."

చెంగయ్యకు లెక్క తెలిసిపోయింది. చర్మం తీసినచోట తుంటి మీద కుట్లుంటాయి. వాటిని తప్పించి కిందికి కడితే తాడు సరిగ్గా ఎక్కడికి వస్తుంది? పక్కకుపొయ్యేది పుట్టే చోటికి! ఇరవై ఏళ్లుగా పేగు జారినవాళ్లకు చెప్పిన మాటను, గజ్జ మీదే ప్రాణం పెట్టుకున్నవాడికి చెప్పాడు తను. ఏ తల్లీ చెయ్యని జాగ్రత్తతో ఆమె అక్షరం పొల్లుపోకుండా చేసింది. 'ఓరి చెంగయ్యా, నీ నోట్లో మన్నుబడ!' అని తనను తాను తిట్టుకున్నాడు.

పల్లవి చేత నడుం దగ్గర పట్టీ ఒక అంచు లేపించాడు. గాజుగుడ్డ కింద నల్లతాడు, తడికి బిగిసి, చర్మపు వంతెన మొదట్లో దిగబడి ఉంది. తాయెత్తు సరిగ్గా దాని మీదే కూచుంది. ముడి ఎక్కడో వీపు కింద, పట్టీ అడుగున ఉంది. ముడి విప్పాలంటే మనిషిని పక్కకు దొర్లించాలి. దొర్లిస్తే కుట్లు తెగుతాయి.

"తెంపాల" అన్నాడు చెంగయ్య. ఆ మాట తన నోటి నుంచి వచ్చిందని ఆయనకే నమ్మకం కలగలేదు.

దేవకమ్మ లేచి మంచానికి అడ్డంగా నిలబడింది. "తెంపుతావా? కాటికాడ తెంపేదాన్ని ఈడ తెంపుతావా? నా కొడుకు బతికుండాడప్పా! నువ్వు కత్తి పెట్టి తెంపితే ఇంకేం మిగల్తాది నాకు?"

"మా, కొత్తది కట్టినాకనే తెంపుతా. ఇదిగో గాజుగుడ్డ…"

"గుడ్డ పేలిక మాకొద్దు! సచ్చినోళ్ల కాలి బొటనేళ్లకు కట్టేది గుడ్డ పేలిక. అది కట్టి, ఇది తెంపి, ఇంక పాడె తెప్పించు!"

కోమలి గడియారం చూసింది. పావు తక్కువ పది. చర్మం రంగు ఇంకో వన్నె ముదిరింది. చెంగయ్యకు చంద్రగిరి పక్క పల్లెలో తెగిన తాడును కళ్లకద్దుకున్న తల్లి కనపడింది. ఈమెను తోసేసి తెంపొచ్చు. నలుగురు వార్డుబాయిలు చాలు. కానీ ఆ ఏడుపు ఆయన ఇంకోసారి వినలేడు. ఆ చెయ్యి పోవడం అంతకంటే చూడలేడు.

చొక్కా పైకెత్తి, పంచె కొంచెం వదులు చేసి, తన మొలతాడు ముడి మీద గోళ్లు వేశాడు. నూనె పట్టిన ముడి. అవతలివాళ్ల ముడులు ఎన్ని విప్పిన గోళ్లవి! పది లెక్కపెట్టేలోగా విప్పేశాయి. వార్డులో ఉన్న మగవాళ్లందరూ నోరు తెరుచుకుని చూశారు.

"ఇది గుడ్డ పేలిక కాదు గదా?" అన్నాడు తాడును దేవకమ్మ కళ్ల ముందు పట్టి. "పోయిన దీపావళికి నా పెండ్లాం కట్టిన తాడు. దీన్ని నీ కొడుక్కు కడతా ఉండా. కీడనేది ఏమన్నా ఉంటే తాడు లేనోణ్ని గదా పట్టుకునేది. నన్ను పట్టుకోనీ. పక్కకు రా తల్లీ, నీ కాళ్లు మొక్కుతా. సెప్పింది నేను, తప్పు నాది. దిద్దుకోనీ."

దేవకమ్మ ఆయన మొహంలోకి చూసింది. పక్కకు తప్పుకుని గోడకు ఆనుకుంది.

చెంగయ్య తన తాడును మునికుమార్ ఛాతీ చుట్టూ, చంకల కిందుగా తిప్పి కట్టాడు. ఎడమ చూపుడువేలు నల్లతాడు కిందికి దూర్చాడు. చర్మానికి తన వేలే అడ్డం. కత్తి అంచు పైకి తిప్పి ఒక్క గీత గీశాడు. తాడు టప్పున తెగింది. వేలికి గాటు పడి రక్తం కారింది, ఇరవై ఆరేళ్లలో ఆ కత్తి కింద పడిన మొదటి గాటు. మునికుమార్ చర్మం మీద మాత్రం గీత కూడా లేదు. తాయెత్తును మెల్లగా ఎత్తి పక్కన పెట్టాడు. వంతెన మొదట్లో తాడు అచ్చు లోతుగా పడి ఉంది.

అందరూ కిటికీ మీదికి వంగారు. ఐదు నిమిషాలు నేరేడు రంగే. పది నిమిషాలకు ఒక అంచున కొంచెం పల్చబడినట్టుంది. పల్లవి, "నాకే అలా కనపడుతోందా?" అంది. ఇరవై నిమిషాలకు కోమలి నొక్కి వదిలింది. తెల్లబడి, మెల్లగా, ఎంతో తీరిగ్గా, దోర జామపండు లోపలి రంగు వచ్చింది. కోమలి గట్టిగా నవ్వేసింది. మునికుమార్ అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలి భోరున ఏడ్చాడు. దేవకమ్మ తెగిన తాడును నేల మీద నుంచి ఏరి, ఏం చెయ్యాలో తెలియక, మళ్లీ కొంగునే కట్టుకుంది.

పదకొండున్నరకు యోగానంద కోర్టు బట్టలతోనే వార్డులోకి పరుగెత్తుకొచ్చాడు. చర్మం చూశాడు, నొక్కాడు, తాడు అచ్చు చూశాడు. పల్లవి జరిగింది చెప్పింది. చెంగయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చి, "తప్పు నాది సార్. అలవాటు మాట అనేసినా" అన్నాడు.

యోగానంద చెంగయ్య వేలి గాటు చూశాడు. "ఆ మాట నేను ఎన్నేళ్లుగా వింటున్నాను చెంగయ్యా? ఈ కేసుకు అది చెప్పొద్దని నేనైనా అనాలి కదా" అన్నాడు. "వేలికి కట్టు కట్టించుకో. ఇక మీదట ఎవరు ఎక్కడ కట్టుకోవాలో నన్ను అడిగి చెప్పు." చెంగయ్య ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ప్రతి రోగికీ అడిగే చెప్పాడు. ఆ పాత రాగం మళ్లీ ఆ వార్డులో వినపడలేదు.

ఇంటికి పోతే భార్య గురవమ్మతో అసలు యుద్ధం. స్నానానికి నీళ్లు తోడుతూ ఆమె చూడనే చూసింది. "మొలతాడేది? నేను కట్టిన మొలతాడేది? మొలతాడు లేకుండా ఇంట్లోకెట్ట వచ్చినావు?" అని చెంబు విసిరింది. సంగతి చెబితే చల్లబడింది గానీ, అప్పటికప్పుడు అంగడికి పోయి కొత్త తాడు తెచ్చింది. చెంగయ్య కట్టించుకోలేదు.

"ఆ పిల్లోని సెయ్యి బాగుపడి, వాడు రెండు సేతుల్తో ముడేసి కట్టినరోజు కట్టుకుంటా. అంతదాకా ఒద్దు."

"వాని సెయ్యి బాగుపడకపోతే?"

"ఎందుకు పడదు? పక్కకుపొయ్యేదాని సంగతి నాకు తెలీదా?" అన్నాడు చెంగయ్య. గొంతులో తొణుకు లేదు. గురవమ్మ ఆ తాడును దేవుడి పటానికి తగిలించి, ఎనిమిది నెలలు రోజూ దాన్ని చూపించి సాధించింది.

మూడు వారాలకు యోగానంద వంతెన కోసి చెయ్యి విడదీశాడు. చర్మం బతికింది. ఛాతీ మీది తాడు దేవకమ్మ తీసి ఇవ్వబోతే, "అది నీ కొడుకుదే మా" అన్నాడు చెంగయ్య. ఇక మిగిలింది వేళ్లు వంగడం. మునికుమార్ నెలకోసారి పెనుమూరు నుంచి చిత్తూరు, చిత్తూరు నుంచి తిరుపతి బస్సులు మారి వచ్చి వ్యాయామం చేయించుకునేవాడు. మొదట బంతి పట్టుకున్నాడు, తర్వాత గ్లాసు, తర్వాత చొక్కా గుండీ.

ఇంతలో ఒక వింత జరిగింది. చేతి మీద నల్లగా, ఒత్తుగా, రింగులు తిరిగిన వెంట్రుకలు మొలిచాయి. గజ్జ తోలు కదా, ఎక్కడికి పోయినా దాని బుద్ధి పోనిచ్చుకోలేదు. మునికుమార్ సిగ్గుతో చేతికి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. చెంగయ్య తువ్వాలు విప్పి చూసి, వార్డు అదిరేటట్టు నవ్వాడు. "బతికిందనేదానికి ఇంతకన్నా రుజువేం కావాలప్పా! సచ్చిన తోలుకు ఎంట్రుకలు మొలుస్తాయా? నెలకోసారి రా, నున్నగా గొరిగి పంపిస్తా. ఈ గజ్జ నాకు పాత సుట్టమే." ఆ మాటకు మునికుమార్ కూడా నవ్వాడు. గానుగలో చెయ్యి పడ్డాక వాడు నవ్వడం దేవకమ్మ చూడటం అదే మొదలు.

అక్టోబరు నెలలో ఒకరోజు పొద్దున తల్లీ కొడుకూ వచ్చారు. చెంగయ్య థియేటరు బయట బల్ల మీద కూచోబెట్టి ఆ చేతిని గొరిగి, పటిక రుద్ది తుడిచాడు. దేవకమ్మ సంచిలోంచి కాగితం పొట్లం తీసింది. కాళహస్తిలో కొన్న నల్ల మొలతాడు.

"నా పెండ్లాం తెచ్చింది ఇంట్లో ఉండాదే" అన్నాడు చెంగయ్య.

"దాన్ని వచ్చే దీపావళికి కట్టించుకో. ఇది మాది" అంది దేవకమ్మ.

చెంగయ్య లేచి, చొక్కా పైకెత్తి నిలబడ్డాడు. మునికుమార్ తాడును ఆయన నడుం చుట్టూ తిప్పి ముందుకు తెచ్చాడు. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక కొస పట్టుకున్నాడు. మొదటి ముడి జారిపోయింది. రెండో ముడికి కొస వేళ్ల మధ్య నుంచి తప్పించుకుంది. వాడి నుదుట చెమట పట్టింది. కోమలి గుమ్మంలో ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మూడోసారి మునికుమార్ పెదవి కొరుక్కుని, ఉబ్బెత్తుగా, నున్నగా మెరుస్తున్న ఆ చేత్తో కొసను చుట్టి, సందులోంచి దూర్చి, రెండు చేతులా లాగాడు. ముడి బిగిసింది.

చెంగయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. కళ్ల నిండా నీళ్లు. ఈసారి దాచుకోవాలని కూడా అనిపించలేదు.

వెనక నుంచి దేవకమ్మ చెంగయ్య రాగం అచ్చు గుద్దినట్టు అందుకుంది. "కుట్లకు తగలకుండా రొంత కిందికి కట్టు నాయనా!"